మా తమ్ముడి పాక

అడవి కొనుక్కున్నవాడు అందులో పాక వేసుకోవడానికి ఎవర్నయినా అడగాలా?

ఈ ప్రశ్న మా అమ్మది. నూజివీడు దగ్గర మా వూళ్ళో, వరండాలో కూర్చుని, ఇంగ్లండులో వున్న మా తమ్ముణ్ణి ఫోనులో అడిగింది. వాడు అరగంట సేపు ఏమేమో చెప్పాడు. చివరికి ఆవిడ ఫోను నా చేతికిచ్చి, "వీడి గొడవ నా తలకెక్కలేదురా. ఎలాగూ సెలవులకి వెళ్తున్నావుగా, నువ్వే చూసిరా" అంది.

తెలుగు ఎమ్మే చదివి, కాలేజీ పిల్లలకి ప్రబంధాలు చెప్పుకు బతుకుతున్నవాణ్ణి. ఇంగ్లండు గృహనిర్మాణ చట్టాలతో నాకేం పని చెప్పండి? అయినా 2025 మే నెలలో వెళ్ళాను. చూశాను.

మా వాడికి లండన్లో కంప్యూటరు ఉద్యోగం. 2019లో సస్సెక్సు జిల్లాలో ఆరెకరాల అడవి కొన్నాడు. అడవి అంటే పులులూ ఎలుగుబంట్లూ వుంటాయనుకునేరు! మన తోపులాంటిదే. చెస్ట్‌నట్ అనే జాతి చెట్లు. మన జామాయిలు మోడు మళ్ళీ చిగిర్చినట్టే, వీటిని మొదలంటా నరికితే నాలుగైదు పిలకలు వేసి పైకి లేస్తాయి. పదిహేను, ఇరవై యేళ్ళకి ఆ పిలకల్ని మళ్ళీ నరికి కంచె గుంజలకి అమ్ముతారు. నేను వెళ్ళేసరికి చెట్ల కింద నేలంతా నీలి పూలు పరుచుకుని వున్నాయి. చెప్పొద్దూ, కాసేపు నాకు మాట రాలేదు.

గేటు దాటగానే పనిముట్ల కొట్టం వుంది. అడవి పనికి అవసరమైన కొట్టం వేసుకోవడానికి పెద్ద తతంగం లేదట. ముందుగా కౌన్సిలు వారికి తెలియజేసి, 28 రోజులాగి, వారు అడ్డు చెప్పకపోతే కట్టుకోవచ్చునట. కాని అందులో కాపురం చెయ్యకూడదు.

"రంపం పడుకోవచ్చు అన్నయ్యా, నేను పడుకోకూడదు" అన్నాడు తమ్ముడు.

రెండు యుద్ధాల నడుమ అక్కడి పట్టణాలు రోడ్ల వెంట పాకుతూ పొలాల్ని మింగడం మొదలెట్టాయి. దాంతో 1947లో ఒక చట్టం చేశారు. 1948 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆనాటి నుంచి అక్కడ భూమి నీదే గాని, దానిమీద కట్టే హక్కు నీది కాదు, అడిగి తెచ్చుకోవాలి. సొంత చెట్టు కొట్టాలన్నా, మూడు నెలలకి 5 ఘనమీటర్లు దాటితే చాలావరకు లైసెన్సు వుండాలి. ఇంగ్లండులో అడవి మొత్తం నేలలో పదో వంతు మాత్రమే మిగిలింది మరి. శ్రీరామచంద్రుడంతవాడు కూడా అగస్త్యుణ్ణి అడిగి, ఆయన పంచవటి చూపించాకే పర్ణశాల వేయించుకున్నాడని మా వాడికి గుర్తు చేశాను. "అగస్త్యుడు ఒక్కడే గదా, అక్కడ కమిటీ లేదు" అన్నాడు.

వాడు అడిగింది ఒక్క గది. కర్ర గోడలు, ఒక పొయ్యి, దీపాలకి సూర్యఫలకం. దరఖాస్తు పెడితే అడవి గేటుకి నోటీసు అంటించి, ఇరుగు పొరుగుల అభిప్రాయం అడిగారు. పక్క వీధి ముసలావిడ, పాపం, "కుర్రవాడు మంచివాడు, ఇవ్వండి" అని వ్రాసింది. ఇంకొకాయన, "ఈయనకిస్తే రేపు ఎవరికి లేదంటారు?" అని వ్రాశాడు. ఫిబ్రవరిలో తిరస్కారం వచ్చింది, నాలుగు పేజీలు.

ఆ నాలుగు పేజీలూ నేను ప్రబంధానికి వ్యాఖ్యానం చదివినట్టు చదివాను. కీలకమంతా ఒక్క మాటలో వుంది: ఆవశ్యకత. వూరికి దూరంగా, విడిగా ఇల్లు కట్టాలంటే, ఆ పని చేసేవాడు రాత్రింబవళ్ళు అక్కడే వుండి తీరాలని నిరూపించాలి. పాడి రైతు చెప్పుకోగలడు, ఆవు అర్ధరాత్రి ఈనుతుంది కాబట్టి. చెట్టు అర్ధరాత్రి ఈనదు. పొద్దున్నే వచ్చి కొట్టుకుని, సాయంత్రం పోవచ్చును గదా అన్నారు.

గెలిచినవాళ్ళు లేకపోలేదు. అదే సస్సెక్సులో బెన్ లా అనే అడవి పనివాడు యేళ్ళ తరబడి గుడారాల్లో, బళ్ళలో బతుకుతూ, చెస్ట్‌నట్ కర్ర మీదనే కూడు సంపాదించి, చివరికి అనుమతి తెచ్చుకున్నాడు. తన అడవి కర్రతోనే కట్టిన ఆ ఇంటిని 2003లో టెలివిజన్లో దేశమంతా చూసింది. ఓడినవాళ్ళూ వున్నారు. సర్రేలో ఒక రైతు ఏకంగా కోటలాంటి ఇల్లు కట్టి, నాలుగేళ్ళపాటు గడ్డిమోపుల గోడ వెనక దాచాడు. నాలుగేళ్ళు ఎవరూ పట్టుకోకపోతే ఇల్లు ఖాయమని అప్పటి నియమం. దాచినందుకే ఆ నియమం ఆయనకి వర్తించదన్నారు, 2016లో కూలగొట్టించారు. ఆ నాలుగేళ్ళ గడువును కూడా 2024 ఏప్రిల్లో ఇంగ్లండులో పదేళ్ళు చేశారు. వేల్సులో మాత్రం 2010 నుంచి వేరే దారి వుంది: అయిదేళ్ళలో కనీసావసరాలు ఆ నేలనుంచే తీర్చుకునేవారికి ఇల్లు కట్టుకోనిస్తారు.

"అయితే వేల్సు వెళ్తాను" అన్నాడు మా వాడు.

"వెళ్ళమనండి బావగారూ. నేనూ పిల్లా మాత్రం రాము" అంది మా మరదలు, చపాతీలు వత్తుతూ.

అప్పీలుకి ఆరు నెలల గడువు. పెట్టమంటావా, వద్దంటావా అని వాడు నన్నడిగాడు. ఇక్కడ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి.

మా నాన్నగారికి వూరి చివర నాలుగెకరాల మామిడి తోట వుండేది. అందులో ఒక తాటాకు పాక. రసాలు పక్వానికి వచ్చిందగ్గర్నుంచి ఆఖరు కాయ దిగేదాకా, నెల్లాళ్ళు ఆయన పడక అక్కడే. తమ్ముడికి ఎనిమిదేళ్ళు వచ్చినప్పట్నుంచి వాడూ అక్కడే. నాకు పురుగూ పుట్రా భయం. నేను ఇంట్లో పుస్తకం ముందు. నాన్నగారు 2014లో పోయారు. 2016లో తోటని ప్లాట్లు వేసేవాళ్ళకి అమ్మాను. తమ్ముడు ఫోనులో "నీ ఇష్టం అన్నయ్యా" అన్నాడు. వాడి వంతు వాడికి పంపాను. కాగితాలు చకచకా కదిలాయి. చెట్లెందుకు కొడుతున్నారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ డబ్బుతోనే వాడు సస్సెక్సులో అడవి కొన్నాడని, ఆ రోజు అక్కడ నిలబడితేగాని నాకు తెలియలేదు.

"రాత్రి పడుకోవలసిన అవసరమేమిటని అడుగుతున్నారు" అన్నాడు వాడు. "నాన్నకేం అవసరం?"

"దొంగలు..."

"ఏ దొంగలు? నేనున్న అన్నేళ్ళలో ఒక్కడూ రాలేదు. నాన్నకి అక్కడ నిద్ర పట్టేది, అంతే."

ఆ ముక్క ఏ అప్పీలులో వ్రాస్తాం? చాలాసేపు నోరు పెగల్లేదు. చివరికి, కౌన్సిలు వారిది తప్పనిపించడం లేదురా అన్నాను. అలాంటి నాలుగు పేజీలు 2016లో మన తోట గురించి ఎవరైనా వ్రాసి నా మొహాన కొట్టివుంటే బాగుండేదన్నాను. వాడేమీ అనలేదు. పొయ్యిలోకి ఇంకో రెండు పుల్లలు తోశాడు.

ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ అడవిలోనే గుడారంలో పడుకున్నాం. అది తప్పు కాదు. యేడాదికి 28 రోజుల దాకా అలా వాడుకోవడానికి అనుమతి అక్కర్లేదు. మా వాడు అందుకొక నోటుపుస్తకం పెట్టాడు. పడుకున్న ప్రతి రాత్రికీ తేదీ. నిజం చెప్పాలంటే నాకు నిద్ర పట్టలేదు. గుడ్లగూబ ఒకటి తెల్లవార్లూ అరుస్తూనే వుంది. పక్కనే మా వాడు, తలకింద చెయ్యి పెట్టుకుని, అచ్చం నాన్నగారిలాగే గురక. పొద్దున్న లేచి పుస్తకంలో రెండు తేదీలు వేసి, పక్కన 'అన్నయ్యతో' అని వ్రాసుకున్నాడు.

ఆగస్టులో గడువు దాటిపోయింది. వాడు అప్పీలు పెట్టలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఇంటికొచ్చాక అమ్మకి అంతా విడమరిచి చెప్పాను: పాక కుదరదు, గుడారమైతే యేడాదికి 28 రాత్రులు. అమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది.

"రసాలు దిగేదాకా అన్నమాట" అంది.