రెండవ యేటి పాఠము: మార్లవాయి దారిలో



ఇటలీ అనగానే మన విశ్వాసులకు మొదట జ్ఞాపకము వచ్చేది కొర్నేలి. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయములో కనిపించే ఆ శతాధిపతి ఇటలీ పటాలమునకు చెందినవాడు. తెలుగువారికి ఆ దేశపు భాషతో ఇంకొక చుట్టరికము కూడా ఉన్నది. మన మాటలవలెనే వారి మాటలూ ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. ఇంటిని కాసా అంటారు, రొట్టెను పానే అంటారు, నీళ్లను ఆక్వా అంటారు. అందుకే పాశ్చాత్యులు తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని మెచ్చుకున్నారు.

అమెరికా వంటి దేశాలలో హైస్కూలు పిల్లలు కొందరు ఇటాలియన్‌ను పరభాషగా చదువుతారు. మొదటి యేడు అక్షరాలు, అంకెలు, పలకరింపులతో గడిచిపోతుంది. రెండవ యేటికి పాఠము ఇంటిలోపలికి పోతుంది. ఆ ఇంట భోజనము ఎట్లా జరుగుతుంది, పండుగనాడు ఏమి వండుతారు, తాతమ్మలతో ఎట్లా మాట్లాడాలి అని నేర్చుకుంటారు. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వారికి తు, లేయ్ అని రెండు మాటలున్నాయి. ఎవరిని తు అనాలో, ఎవరిని లేయ్ అనాలో పుస్తకము కొంతవరకే చెబుతుంది. మిగిలినది ఆ జనుల నడుమ కూర్చుంటేనే తెలుస్తుంది. భాష మొదటి యేడు నోటికి వస్తే, రెండవ యేడు హృదయానికి వస్తుందన్నమాట.

ఇటలీ మనకు చాలా దూరము. అయితే ఈ రెండవ యేటి పాఠము నేర్పగల బడి మన గోదావరికి ఆవలి ఒడ్డుననే ఉన్నది. అది చూడవలెనని మేము కొందరము సంఘ సహోదరులతో కలిసి కరీంనగర్ నుండి బయలుదేరాము. జగిత్యాల, ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరిని దాటితే పాత ఆదిలాబాదు జిల్లా మొదలవుతుంది. 2016లో ఆ జిల్లా నాలుగైంది గనుక లక్సెట్టిపేట, జన్నారం ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉన్నాయి. జన్నారం వద్ద రోడ్డుకు రెండు ప్రక్కలా టేకు అడవి దగ్గరకు వస్తుంది. ఉట్నూరు మీదుగా జైనూరు వైపు తిరిగితే పత్తి చేలు, జొన్న చేలు, ఇప్పచెట్లు, వాటి నడుమ గోండు గూడేలు.

దారిలో ఒక సంత దగ్గర కొంతసేపు ఆగాము. అక్కడ ఒక గోండు పెద్దమనిషి కూరగాయలు అమ్ముతున్నాడు. తనవారితో గోండిలో, షావుకారుతో మరాఠీలో, లంబాడా అమ్మతో ఆమె మాటలో, మాతో తెలుగులో మాట్లాడాడు. బడి మొగము చూడలేదట! డిగ్రీలు, డిప్లొమాలు ఉన్న మాలో ఎవరికీ ఆయన భాషలో నీళ్లు అడుగుట రాదు. ఆయనే నవ్వుతూ నేర్పాడు. నీళ్లను యేర్ అంటారు. మన ఏరు అక్కడున్నది చూడండి! కన్ను వారికి కన్. ఒకటి, రెండు, మూడు అనుటకు ఉండి, రండ్, ముండ్. ఊరిని నార్ అంటారు. గోండి మనకు తోబుట్టువు వంటి ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కలలో దేశమంతటా సుమారు 29 లక్షల 80 వేలమంది దానిని తమ మాతృభాషగా చెప్పుకున్నారు. ఇంత దగ్గరి చుట్టము ప్రక్క యింట ఉండగా మనము పలకరించకుండా ఎన్ని తరాలు గడిపాము!

జైనూరు మండలములోని మార్లవాయి చిన్న ఊరు. ఇక్కడికి 1940 తరువాత ఒక పరదేశి వచ్చాడు. ఆయన వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. మిషనరీ కాడు, మానవ జాతుల శాస్త్రము చదివినవాడు. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీము నైజాము పోలీసుల తుపాకులకు బలైన తరువాత, గోండులు ఎందుకు తిరుగబడ్డారో తెలుసుకొనుట నైజాము ప్రభుత్వానికి అవసరమైంది. ఆ పని మీద హైమన్‌డార్ఫ్ ఈ కొండలకు వచ్చాడు. అధికారుల బంగళాలో దిగలేదు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గడ్డి కప్పిన ఇంట కాపురముండి గోండి నేర్చుకున్నాడు. వారి భాష తెలిసిన తరువాతనే వారి బాధ తెలిసింది. దున్నుకొనే భూమి ఇతరుల చేతికి పోవుట, అడవిలో పశువులను మేపనీయకుండుట, అప్పుల బాధ, ఇవన్నీ వారి నోటనే విన్నాడు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసే శిక్షణా కేంద్రము మొదలైంది. వారి పిల్లలకు మొదటి పుస్తకాలు గోండి భాషలోనే, ఆ ప్రాంతపు చదువరులకు అలవాటైన దేవనాగరి లిపిలో వ్రాయించారు. ఇంటి మాటతో మొదలుపెట్టి తరువాత రాజ్యభాషకు పోవుట ఆ పద్ధతి. చదువు వచ్చిన గోండు యువకులు తమ వారికే గురువులయ్యారు.

బెట్టీ 1987లో చనిపోయినప్పుడు ఆమె సమాధి ఈ ఊరిలోనే కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995లో మరణించాడు. 2012లో ఆయన అస్థికలను కూడా తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచారు. ఏటేటా జనవరి 11న గోండులు అక్కడ కూడి వారిని జ్ఞాపకము చేసుకుంటారు. ఆ రెండు సమాధుల ముందు మేము చాలాసేపు నిలబడిపోయాము. ఏ జనమైనా పరాయివానికి తమ మట్టిలో చోటు ఊరికే ఇవ్వదు గదా!

గోండి అక్షరాలకూ ఒక చరిత్ర ఉన్నది. నార్నూరు మండలము గుంజాల గ్రామములో వేరే లిపిలో వ్రాసిన పాత ప్రతులు ఉన్నాయని 2006లో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందము వెలుగులోకి తెచ్చింది. 2018లో ఆ లిపికి కంప్యూటర్లలో ప్రపంచమంతటా వాడే యూనికోడ్‌లో చోటు దొరికింది. లిపి లేని భాష అని చులకన చేసినవారికి అది చాలిన జవాబు.

ఇప్పుడు ఒక ప్రశ్న రావచ్చును. భాష నేర్చుకొనుట సరే గాని, వారి ఆచారాలు కూడా తెలుసుకొనుట విశ్వాసికి తగునా? మార్లవాయి వాస్తవ్యుడే అయిన కనక రాజు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ పొందాడు. 2024లో కన్నుమూశాడు. నెమలి ఈకల టోపీలతో దీపావళి దినాలలో ఆడే ఆ నృత్యము వారి దేవతల ఆరాధనతో ముడిపడినది. మనము ఆ ఆరాధనలో పాలుపంచుకోము. అయినా ఎగతాళి చేయుటకు మనకు అధికారము లేదు. పౌలు ఏథెన్సులో సంచరించి వారి పూజాస్థలాలను శ్రద్ధగా చూచిన తరువాతనే మాట్లాడినట్లు 17వ అధ్యాయము చెబుతున్నది. దానికి ముందు 14వ అధ్యాయములో, లుస్త్ర జనులు లుకయోనియ భాషలో కేకలు వేసి తమకు బలి అర్పింపబోవుచున్న సంగతి పౌలు బర్నబాలకు ఆలస్యముగా తెలిసింది. జనుల ఇంటి మాట తెలియని చోట అపొస్తలులకే అంత ఇబ్బంది కలిగితే మన మాటేమిటి?

ఈ రెండవ యేటి పాఠము నేర్చినవారు మన సంఘాలలోనూ ఉన్నారు. బిషప్ అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకొని 1912లో బిషప్ అయ్యారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కెథీడ్రల్ గుమ్మటాలను, స్తంభాలను చూడండి. ఇంగ్లండు గుడికి నకలు కాదు, ఈ దేశపు కట్టడము. ఆయన నోరు మాత్రమే గాక మనస్సు కూడా తెలుగు నేర్చినదని ఆ రాళ్లు చెబుతున్నాయి. నాగపూరులో సేవచేసిన స్కాట్లండు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ గోండుల లింగో గాథను విని వ్రాసిపెట్టాడు. 1863లో ఆయన ఏటిలో మునిగి చనిపోగా, 1866లో ఆ వ్రాతలు అచ్చయ్యాయి.

తెలుగులో మేము, మనము అని రెండు మాటలున్నాయి. ఇటాలియన్‌లో ఆ రెంటికీ నోయ్ అనే ఒక్కటే మాట. మనకు దేవుడు ఇచ్చిన ఈ సొగసును గమనించండి. దేవునితో మాట్లాడునప్పుడు మా తండ్రీ అంటాము, ఒకరితో ఒకరము మాట్లాడునప్పుడు మన తండ్రి అంటాము. పై ప్రాంతము వారు ఆదిలాబాదు గూడేలకు వెళ్లినప్పుడు, మా చదువు, మా ఊరు, మా పద్ధతి అన్న మాటలే ఎక్కువగా వినబడుతున్నాయి. మేము అన్న చోట మనము అని పలుకుట ఏ వ్యాకరణమూ నేర్పదు. అదే రెండవ యేటి పాఠము.

కాబట్టి ప్రియులారా, కొండల మీద పరిచర్యకు గాని, బడిపంతులుగా గాని, నర్సుగా గాని పోగోరే యౌవనస్థులు ముందుగా రెండేండ్లు గోండి లేక కొలామీ నేర్చుకొనవలెనని మా మనవి. ఇంట మాట్లాడే మాట బడిలో వినబడకపోతే ఆరేండ్ల బిడ్డ మూగవానివలె వెనుక వరుసలో కూర్చుంటాడు. కొన్నాళ్లకు బడియే మానేస్తాడు. తల్లిదండ్రులారా, హాస్టలులో మీ పిల్లల ప్రక్కన గోండు బిడ్డ ఉంటే వాని యాసకు నవ్వనీయకండి. వాని దగ్గర పది మాటలు నేర్చుకొని రమ్మని చెప్పండి. సెలవులకు వచ్చినప్పుడు ఆ మాటలు మీరూ అడిగి నేర్చుకోండి.

కొర్నేలి ఇంట పేతురు ప్రసంగము చేసి వెంటనే తిరిగిరాలేదు. వారు వేడుకొనగా కొన్ని దినాలు అక్కడ ఉండి వారితో కలిసి భోజనము చేశాడు. ఆ భోజనము యెరూషలేములో కొందరికి నచ్చలేదు, అయినా సంఘము తలుపులు అప్పుడే పెద్దవయ్యాయి. మన సంఘాల తలుపులు కూడా అట్లే గోదావరి ఆవలి ఒడ్డువైపు తెరుచుకొనునట్లు ప్రభువు కృప చూపునుగాక. ఆమేన్.