పైకి వాళ్ళు, కిందికి మేము

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

డిసెంబర్ నెలలో శనివారం రాత్రి నర్సీపట్నంలో నిలబడి చూడండి, ఏటి బండ్లో అవి! వైజాగ్, రాజమండ్రి, హైదరాబాద్ నుంచి కూడా వస్తాయి. అన్నీ లంబసింగికే. తెల్లారేసరికి మంచు చూడాలి, ఫొటో దిగాలి, బొంగులో చికెన్ తినాలి, ఆదివారం సాయంత్రానికి దిగిపోవాలి. కాలేజీలో మా ఊర్ల పేర్లు చెప్తే "అదృష్టవంతులురా, టూరిస్ట్ ప్లేస్‌లోనే పుట్టారు" అంటారు. మేము కోటవురట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నోళ్ళం. చింతపల్లి, జీకే వీధి, కొయ్యూరు వైపు నుంచి దిగినోళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. మేము చూడని ఊళ్ళన్నీ కిందే ఉన్నాయి. అందుకే ఈ ఏడాది ఆదివారాలు మేమూ టూరిస్టులమయ్యాం, కాకపోతే తిరగేసి.

ముందు ఏటికొప్పాక ఎల్లాం. నర్సీపట్నం పైన కొండల్లో పుట్టిన వరాహ నది కోటవురట్ల మండలం మీదుగా దిగి ఆ ఊరి పక్కనుంచే సముద్రానికి పోతుంది. అక్కడి లక్క బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. బొమ్మ చేసేది అంకుడు కర్రతో. తిరుగుతున్న కర్రకి లక్క కణికె ఆనిస్తే ఆ వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. రంగులు గింజలు, వేర్లు, ఆకుల నుంచి తీస్తారు. మేము నోరెళ్ళబెట్టి చూస్తుంటే అక్కడి తాతగారు "ఏ ఊరు బాబూ" అని అడిగారు. చెప్పాం. "అయితే ఈ కర్ర మీకు తెలిసే ఉంటుంది" అన్నారు. తెలీకపోవడం ఏటి, చిన్నప్పుడు పశువులు కాసినప్పుడు దాని నీడలోనే కూర్చున్నాం. ఆ చెట్టుకి ఇంత పేరుందని మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

రేవుపోలవరంలో సముద్రం చూశాం. మాలో నలుగురికి అదే మొదటిసారి. దాని గురించి ఏం రాయాలో తెలీదు, చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత అన్నంలో చేపల పులుసు పోసుకుని రెండేసి పళ్ళేలు లాగించాం. అనకాపల్లి బెల్లం మార్కెట్ కూడా చూశాం. దిమ్మలు దిమ్మలుగా పేర్చి ఉంటుంది, ఊరంతా ఆ వాసనే. ఇంటికి ఒక దిమ్మ పట్టుకెళ్తే మా మామ్మ చోడి అంబలిలో కలిపి తాగి "బాగుంది గానీ తేనంత కాదు" అంది.

కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఇవి మనకి బడిలో చెప్పారు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు ఎంతమందికి చెప్పారు? మల్లుదొర అండమాన్ జైలుకి పోయి వచ్చి 1952లో పార్లమెంటుకి గెలిచాడు. ఇంకో సంగతి. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు ఉండేవాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించినప్పుడు మనోళ్ళ చేత బండచాకిరీ చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. పోడు కొట్టనివ్వని అటవీ చట్టాలు ఒకవైపు, ఈ రోడ్డు చాకిరీ ఒకవైపు. పితూరీ లేచింది వీటి వల్లే. ఇప్పుడు టూరిస్టు బండ్లు లంబసింగి ఎక్కేది ఆ దారినే.

ఇది తెలిశాక సెలవులకి ఇంటికి పోతూ లంబసింగిలో దిగి కొత్తగా చూశాం. చలి మనకి తెలిసిందే. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట పడుకుంటే కొర్రులా బిగుసుకుపోతారని. రోడ్డు పక్కన గుడారాలు, మంటలు, స్పీకర్లు. బొంగులో చికెన్ అమ్ముతున్నారు. మన ఇళ్ళల్లో లేత వెదురులో కోడి కూరి, ఆకుతో మూతి బిగించి కాల్చేది ఎప్పుడో పండక్కి. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా కాలుస్తూనే ఉన్నారు. ఏ బొంగు చూసినా ఒకే మసాలా, మాకైతే నచ్చలేదు. సామ అన్నం, వెదురు కొమ్ముల కూర, వానాకాలం పుట్టగొడుగులు, అడ్డాకులో వడ్డించిన రాజ్‌మా... ఇవెవరూ అడగరు, ఎవరూ పెట్టరు. గుడారాల దగ్గర గిన్నెలు కడిగేది, నీళ్ళు మోసేది మనోళ్ళే. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్ళలో మా భాష వచ్చినోళ్ళు మాకు ఇద్దరే కనబడ్డారు.

1/70 చట్టం గురించి ఈ గ్రూపులో చాలాసార్లు రాశారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి పోకూడదు. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు, గనుల కోసం ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదు అంది. మరి కాగితం మన పేరు మీద, వ్యాపారం ఇంకొకరిది అయితే? దాన్ని పట్టుకోవాల్సింది గ్రామసభే. 1996 పెసా చట్టం గ్రామసభకి ఆ బలం ఇచ్చింది. సభ పెట్టాలి కదా ముందు.

మాలో ఒకడి ఊరి దగ్గర జలపాతం ఉంది. రోడ్డుకి దూరం, ఇంకా బయటికి తెలీదు. పేరు రాయట్లేదు, కామెంట్లలో అడగొద్దు. వాడు రీల్ పెడదామన్నాడు. "మనమే గైడులం అవుదాం, మనిషికింత అని తీసుకుందాం, మన తిండి పెడదాం. ఏ నెలలో ఏ రాయి జారుతుందో మనకి తెలుసు, ప్రతి ఏడూ జలపాతాల్లో జారిపోతున్న పిల్లల్ని అయినా కాపాడొచ్చు" అని. మాకూ ఇష్టమే. చదువు ఖర్చులు ఎవరికి లేవు? కానీ వాళ్ళ మామ్మ ఒక్క మాట అడిగింది: "ఆ నీళ్ళే మనం తాగేది. వాళ్ళు సబ్బులేస్తే మనం ఏటి తాగాలి?" ఆవిడకి పైన ఉన్న మడుగు దేవతది కూడా. అక్కడికి చెప్పులతో ఎవరూ పోరు.

మాకు రెండు రోజులు గొడవ. అప్పుడు మాలో హిస్టరీ చదివే అమ్మాయి ఉలూరు గురించి చెప్పింది. ఆస్ట్రేలియా నడిమధ్య పెద్ద ఎర్ర రాతికొండ, అక్కడి అనంగు ఆదివాసులకి పవిత్రం. 1985 అక్టోబర్ 26న ప్రభుత్వం ఆ నేల వాళ్ళకి తిరిగి రాసిచ్చి, పార్కు కోసం 99 ఏళ్ళ లీజుకి తీసుకుంది. కొండ ఎక్కొద్దని అనంగు ఏళ్ళ తరబడి చెప్పినా జనం ఎక్కుతూనే ఉన్నారు. పార్కు బోర్డులో అనంగులే ఎక్కువమంది. ఆ బోర్డు నిర్ణయంతో 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం ఆగిపోయింది. పార్కు మూయలేదు, కొండ చుట్టూ కింద నడవొచ్చు. అది విన్నాక మా వాడు రీల్ సంగతి పక్కన పెట్టి, మామ్మని "ఎంతవరకు రానిద్దాం" అని అడిగాడు. "కింది బండ వరకు" అంది. పైమడుగు వద్దు, సబ్బు వద్దు, సీసాలు వద్దు. వండేది ఊరి ఆడోళ్ళే, డబ్బు వాళ్ళ సంఘంలోనే పడాలి.

ఇంకా ఏదీ తేలలేదు. ఊరి కుర్రాళ్ళలో కొందరికి ఈ షరతులు నచ్చలేదు, ఇలాగైతే ఎవరొస్తారు అంటున్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. కోతలయ్యాక గ్రామసభ పెట్టించాలని చూస్తున్నాం. మీ ఊళ్ళో ఎవరైనా సొంతంగా ఇలాంటిది నడుపుతుంటే మనిషికి ఎంత తీసుకుంటున్నారు, చెత్త ఎవరు దింపుతున్నారు, సభ తీర్మానం ఎలా రాయించారు అన్నవి కింద రాయండి. తీర్మానం కాపీ ఉంటే ఫొటో పెట్టండి, సభకి పట్టుకెళ్తాం.

— కోటవురట్ల హాస్టల్ పిల్లలం