ఆర్సీలో తీసివేత లెక్క

మా మావయ్యకి కిస్తీల మీద కొన్న లారీ ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటి 12,000 లోపు ఉండే మీడియం గూడ్స్ బండి. ఆర్సీలో మొత్తం బరువు 11,000, ఖాళీ బండి 4,200. "పదకొండు టన్నుల బండే కదా" అంటూ షావుకారు తొమ్మిది టన్నులు ఎక్కించేవాడు. తీసేస్తే మిగిలేది 6,800. డ్రైవరు, క్లీనరు బరువు కూడా అందులోదే.

మొన్న ఘాట్ దిగుతుంటే బ్రేకులు కాలిన వాసన. పెడల్ తొక్కినా పట్టలేదంట. చిన్న గేరులో, కొండవైపు ఆనించి ఎలాగో ఆపాడు.

పట్టుబడితే 20,000 జరిమానా, అదనపు టన్నుకి ఇంకో 2,000. షావుకారు ఇస్తాడా?

ఆ రాత్రి లెక్క రాసి చూపిస్తే మావయ్య అన్నాడు: "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదురా."

మీ ఇంట్లో బండుంటే ఆర్సీ తీయండి. మీరు చెప్పండి.