అంకెలు వెనక్కి చెప్పమంటే

"సినిమా పాటలన్నీ నోటికొచ్చు సార్. ఎక్కాలు మాత్రం రాత్రి నేర్పితే పొద్దున్నకి ఉండవు. జ్ఞాపకశక్తికి ఏదైనా మందు రాయండి." రామంతాపూర్‌లో మా క్లినిక్‌కి ఉప్పల్, నాచారం వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగేది ఇదే.

ముందు చూపు, వినికిడి పరీక్షలు చేయిస్తాను. నిద్ర, రక్తహీనత సంగతి చూస్తాను. తర్వాతే అంకెల పరీక్ష. సెకనుకొకటి చొప్పున నేను చెప్పిన అంకెలను పిల్లలు అదే వరుసలో చెప్పాలి, తర్వాత వెనక నుంచి చెప్పాలి. 6-2-9 అంటే 9-2-6. తిప్పి చెప్పాలంటే విన్నదాన్ని మనసులో నిలుపుకుంటూనే దానితో పని చెయ్యాలి. 1974లో బ్యాడ్లీ, హిచ్ అనే శాస్త్రవేత్తలు 'వర్కింగ్ మెమరీ' అని వివరించింది ఈ శక్తినే. పాటలు నోటికి రావడం వేరే సంగతి.

ఒక మూడో తరగతి బాబు నాలుగంకెలు దాటలేకపోయాడు. కాకి, నీళ్ల కుండ కథ చెబితే మాత్రం ఏదీ వదలకుండా తిరిగి చెప్పాడు. పుస్తకంలో 'చక్రం' చూసి 'చక్కెర' అన్నాడు. "'పలక'లో 'ప' తీసేస్తే?" అంటే తెల్లమొహం వేశాడు. గుణింతాన్నీ ఒత్తునీ శబ్దంగా మార్చుకోవడానికే బలమంతా ఖర్చయి, మాట చివరికొచ్చేసరికి మొదలు జారిపోతోంది. ఇది డిస్‌లెక్సియా అనే చదివే ఇబ్బంది దారి.

ఒక ఐదో తరగతి పాప వెనక్కి మూడంకెలు తప్పింది, కాసేపటికి ఐదు సరిగ్గా చెప్పింది. బయట ఆటో హారన్ మోగితే వరుస తెగిపోయేది. పేరా గడగడా చదివింది కానీ ఏం చదివిందో చెప్పలేకపోయింది. ఇక్కడ జారుతున్నది ధ్యాస. అయినా ఈ అంకెలు చూసి ధ్యాస నిలవని సమస్య, అంటే ఏడీహెచ్‌డీ అనెయ్యకూడదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనీసం 6 నెలలుగా ఉండాలి. కొందరు పిల్లల్లో రెండు ఇబ్బందులూ కలిసే ఉంటాయి.

అంకెల పరీక్షలో ఆ ఇద్దరికీ మొత్తం మీద వచ్చిన మార్కులు దాదాపు ఒకటే. అందుకే మార్కు కన్నా తప్పు ఎలా పడిందో చూస్తాను. భాష విషయంలోనూ జాగ్రత్త పడాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు 'ఫైవ్' తట్టినంత త్వరగా 'ఐదు' తట్టదు. కథ మాత్రం తెలుగులో చెబితేనే పట్టుకుంటారు. అందుకని అంకెలు వాళ్లు లెక్కపెట్టుకునే భాషలో అడుగుతాను, కథ అమ్మతో మాట్లాడే భాషలో చెబుతాను.

ఏడీహెచ్‌డీకి అవసరమైతే మందులున్నాయి. డిస్‌లెక్సియాకు మందు లేదు. శబ్దాలను విడదీసి, కలిపి, ఓపిగ్గా చదవడం నేర్పే ప్రత్యేక శిక్షణ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ అభ్యసన ఇబ్బందీ ఉంది కాబట్టి, ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు. బడికి నేను రాసే ఉత్తరంలో మూడు మాటలుంటాయి: ఒకసారి ఒక్క పనే చెప్పండి, హోంవర్క్ బోర్డు మీద రాయండి, క్లాసు ముందు నిలబెట్టి చదివించకండి.

తల్లిదండ్రులను కోరేది ఒకటే. మొద్దు, బద్ధకస్తుడు అన్న ముద్ర పడకముందే తీసుకురండి. చదువు రాకపోవడానికి కారణం మేం వెతకగలం. తనకిక చదువు రాదని పిల్లవాడే నమ్మేశాక, ఆ నమ్మకాన్ని మాన్పడం చాలా కష్టం.