వార్డెన్ లేని హాస్టల్

సింగపూర్‌లో ఆరు రాత్రులు ఎక్కడ పడుకోవాలో తేల్చుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. అక్కడ చూపించాల్సిన ప్రాజెక్ట్ కోడ్ రాయడానికి కూడా అంత టైమ్ పట్టలేదు.

పోయిన సెమిస్టర్‌లో మా ప్రాజెక్ట్ కెంట్ రిడ్జ్ దగ్గర జరిగే ఒక విద్యార్థుల పోటీకి సెలెక్ట్ అయింది. టీమ్ అంటే నేనూ, నా క్లాస్‌మేటూ. ఇద్దరం అమ్మాయిలమే. ఫ్లైట్ టికెట్లు కాలేజీ ఇస్తానంది. వీసా, తిండి, బస మాత్రం మా ఖర్చు. డాలర్ 63 రూపాయలు లెక్కేసుకుని వెతకడం మొదలుపెట్టాం.

ముందు హోటల్ చూశాం. ఇద్దరికి రూమ్ రాత్రికి 140 డాలర్లు. పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపించాయి. వాటి అర్థం ఏంటంటే, ఆ రేటు మీద పది శాతం సర్వీస్ చార్జ్, ఆ మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్టీ. ఆరు రాత్రులకి లెక్కేస్తే వెయ్యి డాలర్లు దాటింది. ఒక్కొక్కరికి దాదాపు 32 వేల రూపాయలు. నాన్న ఈ లెక్క విని ఒక్క నిమిషం ఆగి, "సరేలే, ఈ నెల చీటీ పాడేస్తాను" అన్నారు. ఆ చీటీ దేనికోసం కడుతున్నారో నాకు తెలుసు. వచ్చే ఏడాది నా ఫీజు, చెల్లి ఇంటర్ ఫీజు. అందులోంచి ఆరు రాత్రుల నిద్రకి డబ్బు తీయడం నాకు ఇష్టం లేకపోయింది.

ఎవరైనా ఇంట్లో ఒక గది వారం రోజులకి తీసుకుందామంటే సింగపూర్‌లో అది కుదరదు. ప్రైవేటు ఇళ్లను మూడు నెలల కంటే తక్కువకి అద్దెకివ్వకూడదు. ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లయితే ఆరు నెలలు. ఎవరైనా చవగ్గా ఇస్తామన్నారంటే రూల్‌కి విరుద్ధంగా ఇస్తున్నట్టే. ఇక మిగిలింది హాస్టల్.

ఈ మాట ఇంట్లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "వార్డెన్ ఎవరు?"

అమ్మ తప్పేం లేదు. మన దగ్గర హాస్టల్ అంటే వార్డెన్, మెస్, ఏడింటికల్లా గేటు, ఆదివారం చికెన్. ప్రయాణికుల హాస్టల్ అనేది వేరే జాతి. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే స్కూల్ మాస్టారు 1909లో పిల్లల్ని నడక యాత్రకి తీసుకెళ్లి, వానలో చిక్కుకుని, ఒక బడిలో రాత్రి గడపాల్సి వచ్చింది. సెలవుల్లో ఖాళీగా ఉండే బడులే పిల్లలకి బస ఎందుకు కాకూడదు అని ఆయనకి అప్పుడు తట్టింది. 1912లో ఆల్టేనా అనే ఊళ్లో పాత కోటలో శాశ్వతమైన యూత్ హాస్టల్ మొదలైంది. గది కాకుండా మంచం మాత్రమే అద్దెకివ్వడం, వంటగది, బాత్రూమ్ అందరూ కలిసి వాడుకోవడం. పద్ధతి ఇప్పటికీ అదే.

ఈ చరిత్రంతా అమ్మకి చెప్పాను. "అంటే సత్రమా?" అంది. నిజం చెప్పాలంటే ఇంతకంటే మంచి అనువాదం లేదు. కానీ ఆ మాట నోట్లోంచి రాగానే ఆవిడకి ఇంకో కోపం వచ్చింది. "అయినవాళ్ల ఇల్లు పెట్టుకుని సత్రంలో దిగుతావా? వాళ్లేమనుకుంటారు?"

అయినవాళ్లంటే అమ్మకి పిన్ని కొడుకు, నాకు మామయ్య. వాళ్లది వుడ్‌ల్యాండ్స్. మ్యాప్‌లో చూస్తే సింగపూర్ మన జిల్లా అంత కూడా ఉండదు కాబట్టి ఎక్కడున్నా ఒకటే అనిపిస్తుంది. కానీ వుడ్‌ల్యాండ్స్ ఉత్తరం కొసన, మలేషియాకి ఎదురుగా ఉంటుంది. కెంట్ రిడ్జ్ నైరుతి వైపు. బిషాన్‌లో ట్రైన్ మారి వెళ్లాలి. స్టేషన్ దాకా నడక కూడా కలిపితే గంటపైనే. పైగా రెండు రోజులు రాత్రి తొమ్మిది దాటేదాకా మాకు పని ఉంది. ఇద్దరు చిన్న పిల్లలున్న ఇంటికి పదిన్నరకి వెళ్లి కాలింగ్ బెల్ కొట్టడం, పొద్దున్నే ఆరున్నరకి టిఫిన్ పెట్టించుకుని బయల్దేరడం, అది కూడా వాళ్లకి ఏమీ కాని నా ఫ్రెండ్‌ని వెంటేసుకుని... నాకు మనసొప్పలేదు. కానీ మర్యాద విషయంలో అమ్మతో లాజిక్ పనిచేయదు. ఆ సంగతి పక్కన పెట్టి ముందు హాస్టల్ సంగతి తేలుద్దామని కూర్చున్నాం.

బుకింగ్ యాప్‌లో 'తక్కువ ధర ముందు' అని పెట్టగానే పైకి వచ్చినవి ఎక్కువగా గేలాంగ్‌లో ఉన్నాయి. రాత్రికి 22 డాలర్లు. గేలాంగ్‌లో తిండి బాగుంటుందని పేరు. దానితో పాటు అది చట్టం అనుమతించిన రెడ్ లైట్ ఏరియా అని కూడా పేరు. అది తెలిసీ చాలామంది అక్కడ హాయిగా ఉండి వస్తారు. రాత్రి పదింటికి స్టేషన్ నుంచి నడిచి రావాల్సిన ఇద్దరమ్మాయిలకి మాత్రం ఆ 22 డాలర్లు చవక కాదనిపించింది.

తర్వాత లిటిల్ ఇండియా, 26 డాలర్లు. ఇడ్లీ దొరుకుతుంది, గుడి ఉంటుంది, అమ్మకి చెప్పడానికి బాగుంటుంది. ఆ తర్వాత చైనాటౌన్‌లో ఆడవాళ్లకి మాత్రమే ఉన్న ఎనిమిది మంచాల డార్మ్, పన్నులతో కలిపి 36 డాలర్లు.

ఇక్కడే స్ప్రెడ్‌షీట్ తెరిచాం. సీఎస్ఈ వాళ్లం కదా. ధర ఒక కాలమ్, కెంట్ రిడ్జ్‌కి ఎన్ని స్టేషన్లు అనేది ఇంకో కాలమ్. లిటిల్ ఇండియా నుంచి హార్బర్‌ఫ్రంట్ దాకా ఐదు, అక్కడ మారితే ఇంకో ఐదు, మొత్తం పది. చైనాటౌన్ అదే లైన్‌లో ముందుకుంది కాబట్టి ఏడు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఎక్స్‌పోలో ఒక్కసారి మారితే రెండు చోట్లకీ ఒకే ట్రైన్. స్టేషన్ గేటు నుంచి హాస్టల్ తలుపుకి ఎన్ని నిమిషాలు, ఆ దారిలో రాత్రి షాపులు తెరిచి ఉంటాయా అన్నది వీధి ఫొటోల్లో చూసి రాసుకున్నాం.

రేటింగ్ కాలమ్ దగ్గర ఇద్దరికీ గొడవైంది. ఒక హాస్టల్‌కి 9.4 ఉంది, కానీ రాసింది 38 మంది. ఇంకోదానికి 8.7, రాసింది 2,600 మంది. నా ఫ్రెండ్ 9.4 అంది. 38 మందిలో నలుగురు ఓనర్ చుట్టాలైతే చాలు సగటు మారిపోతుంది, 2,600 మందిని మేనేజ్ చేయడం కష్టం అన్నాను నేను. చివరికి పది మార్కుల రివ్యూలు మానేసి, రెండూ మూడూ వేసినవాళ్లు ఏం రాశారో చదివాం. 'గది చిన్నది', 'మెట్లెక్కాలి', 'పక్కమంచం ఆవిడ గురక' అంటే పరవాలేదు. 'నల్లులు', 'లాకర్ మూత సరిగ్గా పడదు', 'రాత్రి రిసెప్షన్‌లో ఎవరూ లేరు' అనే మాట ఈ మధ్య నెలల్లో రెండుసార్లు కనిపిస్తే ఆ లైన్‌ని షీట్‌లోంచి తీసేశాం. 9.4 హాస్టల్ అలాగే పోయింది.

మా ఫ్లైట్ పొద్దున ఆరున్నరకి దిగుతుంది, మంచం ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి. కాబట్టి సామాను పెట్టుకోనిస్తారా, ముందే స్నానం చేయనిస్తారా అని అడిగాం. వీసా ఇంకా రాలేదు కాబట్టి, నాలుగు డాలర్లు తగ్గినా సరే, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి రాని రేటు జోలికి వెళ్లలేదు. నాన్న డెబిట్ కార్డ్‌కి విదేశీ లావాదేవీలు ఆపేసి ఉన్నాయి, బ్యాంక్ యాప్‌లో ఆన్ చేశాం.

లెక్క తేలింది. గేలాంగ్ 132 డాలర్లు, చైనాటౌన్ 216. తేడా 84 డాలర్లు, అంటే 5,300 రూపాయలు. హోటల్‌తో పోలిస్తే మాత్రం 18 వేలు మిగులుతాయి. షీట్‌లో చివరి కాలమ్ పేరు 'అమ్మ'. అది ఇంకా ఖాళీగానే ఉంది.

అమ్మతో మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఫొటోలు చూపించలేదు. "అమ్మా, మొన్న కొండ మీద రూమ్ దొరక్కపోతే మనం పీఏసీలో ఉన్నాం గుర్తుందా?" అన్నాను. తిరుమలలో యాత్రికుల వసతి సముదాయం. లాకర్ తీసుకుని, సామాను లోపల పెట్టి, హాల్లో చాప పరుచుకుని, పక్కన ఏ ఊరివాళ్లో తెలియకుండా నిద్రపోయాం. అమ్మ ఆ రాత్రి పక్కనున్న కర్ణాటక ఆవిడతో గంటసేపు మాట్లాడింది. ఒకరి భాష ఒకరికి రాదు. "ఇదీ అంతే అమ్మా. చాప బదులు మంచం, మంచానికి కర్టెన్, గదిలో అందరూ ఆడవాళ్లే, తలుపు మన కార్డ్‌కే తెరుచుకుంటుంది. కింద రాత్రంతా మనిషి ఉంటాడు."

అమ్మ కాసేపు ఆలోచించి, "దేవుడి కొండ వేరు" అంది. కానీ గొంతులో మొదటి రోజు కోపం లేదు.

మిగిలిన పని అత్తయ్య చేసింది. నేనే ఫోన్ చేసి మా టైమింగ్స్ అన్నీ చెప్పాను. ఆవిడ నవ్వి, "నేనే ఆఫీసుకి వెళ్లి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది బంగారం, మీ అమ్మతో నేను మాట్లాడతాలే" అంది. సాయంత్రం అమ్మకి ఫోన్ వచ్చింది. "వదినా, ఆదివారం పిల్లలిద్దర్నీ మా ఇంటికి భోజనానికి పంపించు. మిగతా రోజులు అక్కడే ఉండనీ, ఆ ఏరియా నాకు తెలుసు." అమ్మ పెట్టేశాక నన్ను చూసి, "బుక్ చేసుకో" అంది. చీటీ పాటకి నాన్న వెళ్లలేదు.

హాస్టల్ ఎలా ఉందంటే, షీట్‌లో రాసుకున్నట్టే ఉంది. మా ఇద్దరివీ పై మంచాలు. ఏసీ చలికి రెండో రాత్రి నుంచి స్వెటర్ వేసుకుని పడుకున్నాం. రాత్రి పది దాటాక ప్లాస్టిక్ కవర్ చప్పుడు చేయడం ఎంత పెద్ద నేరమో అక్కడే తెలిసింది. రేపటి బట్టలు సాయంత్రమే తీసి పెట్టుకోవాలి. ప్లగ్గులు మూడు పలకల పిన్నులవి, అడాప్టర్ ఇంటి నుంచే తీసుకెళ్లాం. కుళాయి నీళ్లే తాగొచ్చు కాబట్టి బాటిల్ కొనలేదు. వంటగది ఫ్రిజ్‌లో ఏం పెట్టినా పేరూ తేదీ రాయాలి. మా గోంగూర పచ్చడి సీసాకి మూడు కవర్లు చుట్టి రాశాం. నా కింద మంచంలో ఇండోనేషియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. హాస్పిటల్ చెకప్ కోసం ఒంటరిగా వచ్చింది. హోటల్ డబ్బు మందులకి అవుతుందని లెక్క చెప్పింది. మా లెక్క కూడా అలాంటిదే కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

ఆదివారం వుడ్‌ల్యాండ్స్‌లో భోజనం చేశాక మామయ్య వాళ్లు మమ్మల్ని లిటిల్ ఇండియా తీసుకెళ్లారు. ఆ రోజు సెలవు కావడంతో సెరంగూన్ రోడ్ చుట్టుపక్కల పనివాళ్లతో కిటకిటలాడుతోంది. తమిళం, బెంగాలీ, మధ్యలో తెలుగు. టెక్కా సెంటర్ దగ్గర మా మాటలు విని ఒకాయన పలకరించారు. జగిత్యాల వైపు ఊరట, కన్‌స్ట్రక్షన్‌లో పని. "ఎక్కడ ఉంటున్నరమ్మా?" అని అడిగారు. "డార్మ్‌లో అండీ" అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "మేం గూడ డార్మ్‌లనే ఉంటం."

సింగపూర్‌లో డార్మిటరీ అంటే ముందుగా గుర్తొచ్చేది మా హాస్టల్ కాదు, విదేశీ పనివాళ్ల వసతి. 2020లో అక్కడ కోవిడ్ ఎక్కువగా పాకింది ఆ డార్మిటరీల్లోనే. వాళ్ల గదిలో పన్నెండు మంది అని చెప్పారు. వచ్చి నాలుగేళ్లయింది, మధ్యలో ఒక్కసారే ఇంటికి వెళ్లారట. మా గదిలో ఎనిమిది మంది. ఇంచుమించు అదే మంచం, అదే లాకర్. కాకపోతే నేను మూడు వారాలు కూర్చుని, రివ్యూలు చదివి, నచ్చనివి కొట్టేసి ఎంచుకున్నాను. ఆయనకి ఆ షీట్ లేదు. కంపెనీ ఎక్కడ పెడితే అక్కడే. నేను ఇంకేం అడగాలో తెలియక నిలబడితే, ఆయనే "మంచిగ చదువుకోండి" అని చెప్పి మిత్రులతో వెళ్లిపోయారు.

పోటీలో మాకు బహుమతి రాలేదు. అయినా ఈ మధ్య జూనియర్లు ఇద్దరు వచ్చి హాస్టల్ పేరు అడిగారు. పేరు కంటే షీట్ పంపడమే మంచిదనిపించి అదే పంపాను. రేట్లు మారతాయి. అక్కడ ఫార్ములా వన్ రేసు ఉన్నప్పుడు ఇవే మంచాలు బాగా ఖరీదైపోతాయి. వాళ్లు వెళ్లే చోటు కెంట్ రిడ్జ్ కాకపోవచ్చు. అప్పుడు స్టేషన్ల కాలమ్ మొత్తం మార్చుకోవాలి.

చివరి కాలమ్ చూసి ఒకడు నవ్వాడు. "అక్కా, ఇది డిలీట్ చేసేయొచ్చా?" అన్నాడు. వద్దన్నాను. మిగతావన్నీ నింపడానికి వారం చాలు, అది నింపడానికి ఇంకో రెండు వారాలు చేతిలో పెట్టుకొమ్మని చెప్పాను.