‘ఎలా నమ్మావు నాన్నా?’

మిర్చి అమ్మిన సొమ్ము బ్యాంకులో పడింది. పురుగుమందుల కొట్లో బాకీ తీర్చాలి, కూలీలకివ్వాలి... మార్టూరులో ఓ రైతు ఆ లెక్కల్లో ఉండగా ఫోన్ మోగిందనుకోండి. ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. కేవైసీ చేయించలేదు మీరు. పావుగంటలో ఖాతా ఆగిపోతుంది!’ గుండె గుభేలుమంటుంది. వచ్చిన ఓటీపీ చదివి చెప్పేస్తాడు. గుంటూరు యార్డులో కాటా దగ్గర కన్నార్పకుండా నిలబడే మనిషే!

సాయంత్రం హాస్టల్ నుంచి కొడుకు ఫోన్. ఇంజినీరింగ్‌లో సైబర్ సెక్యూరిటీ చదువుతున్నాడు. విషయం వినగానే వాడి మొదటి మాట... ‘ఎలా నమ్మావు నాన్నా?’

ఆ పిల్లాడికి సైకాలజీ పాఠం కావలసింది సరిగ్గా అక్కడే. ఫైర్‌వాల్ గురించి అడగండి, గంటసేపు చెబుతాడు. కానీ దొంగ కంప్యూటర్ జోలికే పోలేదు. భయపెట్టాడు, తొందరపెట్టాడు, అధికారిలా గొంతు మార్చాడు. తాళం ఇంటాయన చేతే తీయించాడు. దీన్నే సోషల్ ఇంజినీరింగ్ అంటారు.

అధికారి గొంతుకు అంత బలమా? 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఓ ప్రయోగం మొదలుపెట్టాడు. పక్కగదిలో మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు పెంచుతూ పోవాలి. షాకు ఉత్తిదే, మీట నొక్కేవాళ్లకు మాత్రం తెలియదు. కోటు వేసుకున్న ఒకాయన ‘కానివ్వండి’ అంటుంటే 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లిపోయారు. అందరూ మామూలు మనుషులే. వీడియో కాల్‌లో యూనిఫాం చూపి ‘డిజిటల్ అరెస్ట్’ అనగానే బాగా చదువుకున్నవాళ్లూ లక్షలు పంపేస్తున్నది ఇందుకే. మన చట్టంలో అసలు అలాంటి అరెస్టే లేదు.

2017లో ఏసీఎం, ఐఈఈఈ వంటి సంస్థలు కలిసి తయారుచేసిన సైబర్ సెక్యూరిటీ పాఠ్యప్రణాళికలో 8 విభాగాలుంటే, అందులో ఒకటి మనుషుల గురించే. పుస్తకంలో చోటు దొరికింది సరే, క్లాసులో? ఒక విద్యార్థిని బ్యాంకు అధికారిగా, ఇంకొకరిని రైతుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలు, నవ్వుతూ మొదలుపెట్టిన పిల్లలే తడబడతారు.

అన్నిటికన్నా కష్టమైన పాఠం సిగ్గు గురించి. మోసపోయిన మనిషి నలుగురిలో నవ్వులపాలవుతానని నోరు మెదపడు. ఈలోగా డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పారిపోతుంటుంది. వెంటనే 1930కి ఫోన్ చేస్తే దారిలోనే ఆపించే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

పాఠం వంటబట్టిన కొడుకైతే ఆ సాయంత్రం ఇలా అడుగుతాడు... ‘ఎన్నింటికి పోయాయి నాన్నా? ముందు 1930కి చెయ్యి. నేను లైన్లోనే ఉంటా, అమ్మ ఫోన్ తీసుకో.’