కడియం నుంచి వచ్చిన చుట్టాలు

పిల్లలూ! ఈ నెల మిమ్మల్ని ఒక ప్రయాణానికి తీసుకుపోతాను. తిరిగి వచ్చేటప్పుడు మనవెంట కొన్ని వందలమంది చుట్టాలు వస్తారు. వాళ్ళకు కళ్ళు లేవు, చెవులు లేవు, కాళ్ళు లేవు. ఎవరో పోల్చుకున్నారా? వానపాములు! గాలం వేసే అలవాటున్నవాళ్ళు వీటినే ఎర్రలంటారు.

రాజమహేంద్రవరంలో బస్సెక్కి కూర్చోండి. ఊరు దాటాక వేమగిరి, ఆ తరువాత కడియపులంక వస్తాయి. ఇక్కడ దిగుదాం. కడియం చుట్టుపక్కల ఎటు చూసినా మొక్కల తోటలే. గోదావరి కాలువల నీళ్ళు, ఒండ్రు నేల ఉండటంవల్ల ఇక్కడ మొక్కల పెంపకం పెద్ద వృత్తి అయింది. గులాబీలు, మందారాలు, మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు లారీలకెక్కి దేశంలో దూరదూర ప్రాంతాలకు పోతూవుంటాయి.

లారీకెత్తే చోట ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఏ మొక్కనూ వట్టి వేళ్ళతో పీకి పంపరు. వేళ్ళచుట్టూ ఉన్న మట్టిముద్ద చెదరకుండా సంచీలో పెట్టి పంపుతారు. మొక్కకు నీరు పీల్చిపెట్టేవి వెంట్రుకల్లాంటి సన్నని వేళ్ళు. మట్టి రాలిపోతే అవికూడా తెగిపోతాయి. పాత మట్టి కొంచెం వెంట ఉంటే మొక్క కొత్తచోట త్వరగా కుదురుకుంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మనకు పనికివస్తుంది.

ఒక తోట వెనక తాటాకు పాక ఉన్నది. లోపల వరసగా తొట్లు, వాటిపైన తడి గోనెపట్టాలు. తోట పెద్దాయన ఒక పట్టా ఎత్తగానే ఎర్రగా మెరిసే వానపాములు చరచర లోపలికి దూరిపోతాయి. కళ్ళు లేకపోయినా వాటికి వెలుతురు తెలుస్తుంది, చర్మంతోనే! ఊపిరి పీల్చేదికూడా చర్మంతోనే. అందుకే ఆ చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండిందా, వానపాముకు ఊపిరాడదు.

"తాతగారూ, మాకు కొన్ని ఇస్తారా? ఇంట్లో పెంచుకుంటాం" అని మనం అడుగుతాం.

"వీటికి ఇల్లు సిద్ధం చేశారా?" అని ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడు.

మనం తెల్లమొహం వేస్తాం. ఇల్లెక్కడిది? తీసుకుపోయి పేడలో వేద్దామనుకున్నాం!

"నేనూ మొదట అదే చేశాను. తొట్టినిండా పచ్చిపేడ పోసి, వానపాముల్ని వదిలి, హాయిగా పడుకున్నాను. తెల్లవారి చూస్తే సగం నేలమీద దారప్పోగుల్లా ఎండిపోయి ఉన్నాయి. తక్కినవి లోపలే చచ్చిపోయాయి. పచ్చిపేడ కుళ్ళేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడికి పారిపోదామని పాపం గోడలెక్కాయి" అంటాడాయన.

కాబట్టి ఇవాళ మనకు వానపాములు దొరకవు. పదిహేను రోజులాగి రమ్మన్నాడు. ఒక గులాబీ మొక్క కొనుక్కుని తిరుగుబస్సు ఎక్కుదాం.

ఇక ఇల్లు కట్టడం మొదలుపెడదామా? ఒక చెక్కపెట్టెగాని, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిగాని తీసుకోండి. అడుగున చిన్నచిన్న చిల్లులు, పక్కల గాలి చిల్లులు పెద్దవాళ్ళచేత వేయించండి. నీడలో, వాన తగలని చోట, నాలుగు కాళ్ళ పీటమీద దాన్ని పెట్టండి. పీటకాళ్ళకింద నీళ్ళపళ్ళాలు ఉంచితే చీమలు రావు. పెట్టె అడుగున రెండంగుళాల మందాన కొబ్బరిపీచు పరవండి. పీచును ముందుగా బాగా కడగాలి, అందులో ఉప్పు ఉంటుంది. దానిమీద చింపిన వార్తాపత్రికలు, ఎండిన అరిటాకులు, రెండువారాలు మాగిన పేడ కలిపి మరి ఆరంగుళాలు పోయండి. గుప్పెడు తోటమట్టి చల్లటం మరవకండి. వానపాముకు పళ్ళు లేవు. మనం తిరగలిలో గింజలు విసిరినట్లు, అది కడుపులో ఇసుకరేణువులతో తిండిని నూరుకుంటుంది.

ఇప్పుడు నీళ్ళు చిలకరించి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగా ఉన్నట్టు. ధార కారితే నీళ్ళెక్కువైనట్టు. లోపల చెయ్యిపెట్టి చూడండి. వెచ్చగా తగిలితే మరి నాలుగురోజులు ఆగాలి. చల్లబడితే ఇల్లు సిద్ధమైనట్టే.

పదిహేనోరోజున మళ్ళీ కడియపులంక! పెద్దాయన మన జవాబులన్నీ విని తలవూపి, ఒక కుండలో పావుకిలో వానపాములు వేస్తాడు. వాటితోపాటు పాత తొట్టిలోని ఎరువుకూడా రెండు దోసిళ్ళు పోస్తాడు. ఎందుకో తెలిసిందా? లారీ దగ్గర చూసిన మట్టిముద్ద గుర్తుకు తెచ్చుకోండి! కుండకు పలచని గుడ్డ వాసెనకట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలనీయకుండా తీసుకుపోదాం.

"మా పెరట్లో తవ్వితే వానపాములు బోలెడు. ఇంతదూరం ఎందుకు?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. పొలంలో లోతుగా బొరియలు చేసుకునే వానపాములకు పెట్టెలో కాపురం పొసగదు. కుళ్ళే ఆకుల్లో, పేడలో పైపైన బతికే జాతులే దీనికి తగినవి. పశ్చిమ ఆఫ్రికానుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే అటువంటిది. ఐరోపానుంచి వచ్చిన ఐసీనియా ఫెటిడా, మన దేశంలోనే ఉన్న పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కూడా ఆ కోవలోవే.

ఇల్లు చేరాం. కుండలోనివన్నీ మెల్లిగా పెట్టెలో పైపైన పరవండి. పూడ్చవద్దు. వెలుతురు ఇష్టంలేక అవే లోపలికి పోతాయి. అరగంటైనా కదలక పైనే పడివున్నవి ఉంటే తీసివేయండి, అవి ప్రయాణంలో నలిగినవి.

అసలు పరీక్ష ఈ రాత్రే. కొత్తచోట వానపాములు చీకట్లో బయలుదేరి గోడలెక్కుతాయి. అందుకని మొదటి రెండుమూడు రాత్రులు మూత తీసి, కాస్త ఎత్తున చిన్న దీపం వెలుగుతూ ఉంచండి. వేడి తగిలే పెద్దదీపం పనికిరాదు. వెలుతురుకు వెరచి అవి కిందనే ఉంటాయి, ఈలోపల చోటు అలవాటవుతుంది. తరువాత పైన తడిగోనె కప్పి మూత వేయవచ్చు.

ఇక మీకూ ఒక పరీక్ష ఉన్నది. "లోపల ఏం చేస్తున్నాయో!" అని గంటగంటకూ కెలికి చూడాలనిపిస్తుంది. వారంరోజులు ఆ పని చెయ్యకండి. పెట్టెను తట్టడం, కదపడం కూడా వద్దు. చార్లెస్ డార్విన్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని తన ఇంట్లో వానపాముల్ని కుండీల్లో పెంచాడు. ఈల ఊదినా, పియానో వాయించినా అవి చలించలేదు, వాటికి చెవుడు. కాని ఆ కుండీల్నే పియానోమీద పెట్టి ఒక్క స్వరం మోగించేసరికి ఉలిక్కిపడి బొరియల్లోకి దూరాయి! మోతను అవి ఒంటితో గ్రహించాయన్నమాట. 1881లో అచ్చయిన తన వానపాముల పుస్తకంలో ఆయనే ఈ సంగతి వ్రాశాడు.

మొదటివారం ఒక మూల గుప్పెడు కూరగాయల తొక్కులు చాలు. అవి సగం తరిగాకే మళ్ళీ పెట్టాలి. ఉప్పు, నూనె, మాంసం, నిమ్మతొక్కలు వద్దు. పెట్టెనుంచి చెడువాసన వస్తే తిండో, నీళ్ళో ఎక్కువైనట్టు. అప్పుడు చింపిన పొడికాగితాలు కలిపి తిండి తగ్గించండి. పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. మే నెల మండుటెండల్లోమాత్రం ఇది మొదలుపెట్టకండి, తొలకరి పడనివ్వండి.

కొన్నివారాలు గడిచాక గోనె ఎత్తి చూస్తే, ఆవగింజకంటె కాస్త పెద్దవిగా, లేతరంగు గూళ్ళు కనిపించవచ్చు. వాటిలోనుంచి దారంముక్కల్లాంటి పిల్లలు వస్తాయి. చుట్టాలు కుదురుకున్నారని అప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు.

రెండుమూడు నెలలకు అడుగున నల్లగా, టీపొడిలా ఎరువు తయారవుతుంది. వాసన చూడండి, తొలివానకు తడిసిన నేలలా ఉంటుంది. అందులో మొదటి గుప్పెడు ఎవరికి? మనతో కడియపులంకనుంచి వచ్చిన గులాబీకే!